పగటి నిద్రకు గది

ఇరవై రెండేళ్లుగా నా రాత్రులు సర్కారు దవాఖానవి.
పగళ్ళు ఎవరివో తేలక
రేకుల కింద తడి తువ్వాలు కప్పుకుని దొర్లేదాన్ని.
సిరొంచ ఎండ సంగతి చెప్పేదేముంది,
వైశాఖంలో ప్రాణహిత కూడా
ఇసుక కిందికి పోయి పడుకుంటుంది.

ఈసారి పీఎఫ్‌లోంచి కొంత తీసి
పెరట్లో, కరివేపాకు చెట్టుకీ స్నానాల గదికీ నడుమ
పదడుగులు ఎనిమిదడుగులు ముగ్గు పోశాను.
"గోదామా అక్కా?" అన్నాడు ఆత్రం బాజీరావు.
"నిద్రకు" అన్నాను.
తాపీ మట్టిలో గుచ్చి నవ్వాడు.
"నిద్దరకు గోడలెందుకు,
నాకు సెంట్రింగు చెక్క మీద్నే వస్తది."

ఆలాపల్లి నుంచి ట్రాక్టరులో
సిమెంటు బ్లాకులు, మూడు వందల యాభై,
తొమ్మిది పగిలినవి.
బాజీరావుకు లెక్క మరాఠీలో వస్తుంది, కోపం తెలుగులో.
తూకం గుండుతో మాత్రం గోండీలో మాట్లాడతాడు,
అది అతని మాట వింటుంది.

ఒక్కో బ్లాకు కడుపులో రెండు బొక్కలు.
ఖాళీగా వదిలితే ఎండ వచ్చి కాపురం పెడుతుందని
మిల్లు నుంచి పదిహేను బస్తాల ఊక తెప్పించాను.
చెదలు ముట్టకుండా సున్నం కలిపి
వరస లేచినప్పుడల్లా
నేనూ మా అత్తా చాటలతో పోసి, కర్రతో దిగ్గొట్టి,
గర్జెల్లో పుట్నాలపొడి కూరినట్టు కూరాం.
సాయంత్రానికి ఇద్దరి కనుబొమలూ నెరిశాయి.
ఆమెవి ముందే నెరిశాయనుకోండి.

కప్పుకు రేకు. రేకు కింద థర్మాకోల్.
కొత్తదాని ధర విని నాలుక కరుచుకుని
చేపల మల్లుబాయి దగ్గర పాత పెట్టెలు కోసుకొచ్చాను.
మూడుసార్లు సోడాతో కడిగినా
మొదటి వారమంతా నా కలల్లో బొమ్మిడాయిలు ఈదాయి.
దాని కింద వెదురు తడక,
రేకు పైన ఫెవికాల్ కలిపిన సున్నం రెండు పూతలు,
తలుపు సందులకు సైకిలు ట్యూబు ముక్కలు.

మొదటి పగలు తలుపు వేసుకుంటే
నా గుండె నాకే
స్టెతస్కోపు పెట్టినట్టు వినిపించింది.
పాత వ్యాక్సిన్ పెట్టె థర్మామీటరు
బయట నలభై ఆరు, లోపల ముప్పై మూడు.
పక్కింటి గిర్నీ లేదు, కోడి లేదు,
పెళ్ళి ఊరేగింపు డీజే కూడా లేదు.
ఎవరో నన్ను మడతపెట్టి
పెట్టెలో దాచినట్టు నిద్రపోయాను.

నాలుగో రోజు సాయంత్రం తలుపు తీస్తే
గడప దగ్గర ఆకుపచ్చ గాజు ముక్కలు.
వెనక వాడ శాంకుబాయి
కోడలికి నొప్పులొస్తే పరుగెత్తుకొచ్చి
గాజులు చిట్లేదాకా తలుపు కొట్టిందట.
ఆటోలోనే పురుడయింది. తల్లీ బిడ్డా బాగున్నారు.
నన్నెవరూ ఏమీ అనలేదు.
ఆ ఏమీ అనకపోవడమే
రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు.

"ఒక బ్లాకు తీసెయ్ బాజీరావ్" అన్నాను.
అతను గోడకు అరచెయ్యి ఆనించి,
కట్టుకథ చెప్పే పిల్లను చూసినట్టు నన్ను చూసి,
"తీస్తే ఊకంతా కారిపోతది అక్కా" అని
తలుపు పక్క సిమెంటు అతుకులో
అరంగుళం పైపు దించాడు.
పైపులోంచి నైలాను తాడు.
బయటి కొసకు చెక్కపిడి,
చిన్న పిల్లలకు కూడా అందే ఎత్తులో.
లోపలి కొస నా కాలి బొటనవేలికి.

అత్త చూసి నోరు కొట్టుకుంది.
"బతికున్న మనిషి బొటనవేలికి తాడేందే, పాపిష్టిదానా!"
సరే, మణికట్టుకు మార్చాను.

నిన్న మిట్టమధ్యాహ్నం తాడు లాగింది.
మెలకువ రాకముందే లేచాను,
చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి,
చేతిలో గ్లవ్స్ డబ్బా.
తలుపు తీస్తే బాజీరావు మేక,
చెక్కపిడి నోట్లో పెట్టుకుని
తీరిగ్గా నములుతోంది.

తిట్టాను. బకెట్లో నీళ్ళు పెట్టాను.
లోపలికొచ్చి ముడి మళ్ళీ వేసుకున్నాను,
ఈసారి కొంచెం వదులుగా.